అందరికీ ఇరవై

మా అమ్మాయి నర్సింగులో ఎందుకు చేరిందని ఆ ఎండాకాలం చాలామంది అడిగారు. అడిగిన మనిషిని బట్టి మా ఇంట్లో జవాబు మారేది. మా ఆయన తన ఆఫీసు వాళ్ళకి, "సేవాభావం అండీ, చిన్నప్పట్నుంచీ అంతే" అని చెప్పేవారు. చిన్నప్పుడు పక్కింటి పిల్లకి మోకాలు చెక్కుకుపోతే కట్టు కట్టింది నేను. కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడింది ఇది. మా అత్తగారు మాత్రం, "ఆ చదువుకి ఉద్యోగం ఖాయమట" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నేను నవ్వి, టీ తాగుతారా అని అడిగేదాన్ని.

అసలు సంగతి, దాని స్నేహితురాలు చేరుతుంటే ఇదీ చేరింది. ఆ స్నేహితురాలు క్లాసులో అస్థిపంజరాన్ని చూసిన వారంలోనే మానేసి ఇంకో చదువుకి వెళ్ళిపోయింది. మా అమ్మాయి ఉండిపోయింది. అప్పటికే యూనిఫాం కుట్టించేశాం మరి.

దాన్ని ఇంట్లో పొట్టి అంటాం. ఇంటిల్లిపాదిలో అదే పొడుగని తేలాక కూడా ఆ పేరు వెనక్కి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

వేసవి మొదట్లో వాళ్ళని ఆసుపత్రి వార్డులకి పంపుతామన్నారు. వార్డుకి వెళ్ళేలోగా చెయ్యి తిరగాలని మా మీద సాధన మొదలుపెట్టింది. థర్మామీటరు నోట్లో పెట్టించుకుని నేను కూర తరిగిన రోజులున్నాయి. ఒక సెలవు రోజు పొద్దున్నే మా ఆయన పేపరు చదువుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చుని, మాట్లాడకుండా ఆయన మణికట్టు పట్టుకుంది. కాసేపు అలాగే ఉండి లేచి వెళ్ళిపోయింది. ఈయన పేపరు మడిచి నేరుగా వంటింట్లోకి వచ్చారు.

"ఎంతైనా ఆడపిల్ల ఆడపిల్లే. అది నా చెయ్యి అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో."

"మీ ఊపిరి లెక్కపెట్టిందండీ."

"చెయ్యి కదా పట్టుకుంది?"

"చెయ్యి పట్టుకుని ఛాతీ వైపు చూస్తారట. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనం మామూలుగా పీల్చమట. అందుకని నాడి చూస్తున్నట్టు నటించాలట."

ఆయన మొహం వాడిపోయింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఎంతొచ్చిందిట?" అన్నారు.

"పదహారు."

"మంచిదేనా?"

"భేషుగ్గా ఉందిట. నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై లోపు ఉండాలట."

కాస్త తేరుకుని మళ్ళీ పేపరు విప్పారు.

మా అత్తగారికి మాత్రం ఈ గుట్టు తెలియకుండా ఉంటే బాగుండేది. తెలిశాక, మనవరాలు చెయ్యి ముట్టుకుంటే చాలు, ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయేవారు.

"నాన్నమ్మా, మామూలుగా ఉండవే."

"ఉన్నాను కదే! ఇంతకంటే మామూలుగా ఉండడం నాకు రాదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర పొట్టి మాకందరికీ పాఠం చెప్పింది. లోపల ఏ తేడా వచ్చినా అన్నిటికంటే ముందు మారేది ఊపిరేనట. జ్వరం కంటే, బీపీ కంటే ముందు. అందుకని సగం నిమిషం లెక్కపెట్టి రెండు రెట్లు చేయడం కాదు, నిమిషం నిండా నిలబడి చూడాలట. చదివింది అప్పజెబుతున్న గొంతే అది. అయినా మేం ముగ్గురం అన్నం కలుపుకోవడం ఆపి, ఎవరి ఊపిరి వాళ్ళు చూసుకున్నాం.

తరవాత వార్డు మొదలైంది. పొద్దున్నే తెల్లబట్టల్లో పువ్వులా వెళ్ళేది, మధ్యాహ్నం దాటాక పిండేసిన గుడ్డలా వచ్చేది. బూట్లు విప్పి, నేల మీద బోర్లా పడుకుని, ఆ పడుకున్న చోటు నుంచే కబుర్లు చెప్పేది. పక్కదుప్పట్లు మార్చడం, మలమూత్రాల పళ్ళాలు తీయడం, వాంతులు తుడవడం. వీటి గురించి చెప్పేటప్పుడు మా ఆయన ముక్కు చిట్లించేవారు గానీ అది చిట్లించేది కాదు. దాని బాధ వేరే.

"వార్డులో ఎవరి చార్టు చూసినా ఊపిరి దగ్గర ఇరవయ్యే ఉంటుందమ్మా. ముసలాయనకీ ఇరవై, కాలేజీ కుర్రాడికీ ఇరవై. లెక్కపెడుతూ నిలబడితే సీనియర్లు నవ్వుతారు. 'ఇరవై వేసెయ్, పద పద' అంటారు."

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"లెక్కపెడుతున్నాను. తిట్లు తింటున్నాను."

ఇంకో రోజు ఏడుస్తూ వచ్చింది. ఎవరూ పేరు పెట్టి పిలవరట. అదే ఏడుపట. "డాక్టర్లు 'నువ్వు' అంటారు. సీనియర్లు 'జూనియర్' అంటారు. పేషెంట్లు 'ఏయ్ అమ్మాయ్, ఫ్యాను పెంచు' అంటారు. నాకు ఇంజెక్షన్ ఇవ్వడం రాదు, చీపురు పట్టుకుంటే అది నా పని కాదంటారు. అసలు నేను ఆ వార్డులో ఎవర్ని, నాన్నా?"

ఈ ప్రశ్నకి మా ఆయన దగ్గర జవాబు లేదు గానీ, ఒక స్నేహితుడున్నాడు. ఆ స్నేహితుడు కామర్స్ కాలేజీకి ప్రిన్సిపాలు. సాయంత్రానికల్లా ఫోన్లు అయిపోయాయి. సోమవారం వచ్చి చేరితే సీటు అట్టే పెడతానన్నాడట.

"హాయిగా ఏసీ గదిలో లెక్కలు చూసుకునే చదువు. ఏమంటావు పొట్టీ?"

"సరే నాన్నా" అంది అది. సరే అన్న మొహం కాదది, కానీ కాదన్న మొహం కూడా కాదు. యూనిఫాం సంగతేమిటని మా అత్తగారు అడిగారు.

శనివారం ఆఖరి రోజు అనుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది, బూట్లు విప్పలేదు. అన్నం వడ్డిస్తే కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరుపుతోంది. అరపూట సెలవు కావడంతో మా ఆయన ఇంట్లోనే ఉన్నారు.

"ఏమైందే?" అన్నాను.

"ఈ రోజు నేను కూడా ఇరవై వేసేశాను."

కిటికీ పక్క మంచంలో ఒకాయన ఉన్నాడట. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, కడుపుకి ఆపరేషన్ అయింది. ఆయన నోరు మూయడట. వార్డులోకి ఎవరొచ్చినా "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని కేకేస్తాడట. పొట్టి చెయ్యి పట్టుకుంటే చాలు, తన బస్సెక్కిన పెళ్ళివారి కథో, దిగనన్న మేక కథో అందుకుంటాడట. మాట్లాడే మనిషి ఊపిరి లెక్కపెట్టడం కుదరదు. మూడుసార్లు మొదలెట్టింది, మూడుసార్లూ లెక్క తప్పింది. వెనకనుంచి సీనియరు కేకేసింది. ఇరవై అని రాసి వచ్చేసింది.

మా ఆయన శ్రద్ధగా విన్నారు. "ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్ళేదు నాన్నా. నేను కూడా చూళ్ళేదు. అదే కదా గొడవ."

"అందరూ చేసేదేగా?"

"అందరూ చేస్తారు. కానీ ఆయన మాట్లాడుతూ మధ్యమధ్యలో ఆగాడు. ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఆగలేదు. ఆపరేషన్ అయినవాళ్ళకి ఛాతీలో నెమ్ము చేరితే అలాగే మొదలవుతుందని చదివాను. నేను ఇరవై రాశాను కాబట్టి ఇంక రాత్రి దాకా ఎవరూ చూడరు." లేచి చెయ్యి కడుక్కుంది. "నేను వెళ్ళి హెడ్ సిస్టర్‌కి చెప్పి, మళ్ళీ చూస్తాను."

"చెబితే ఏమంటారు?"

"చూడకుండా రాసినవాళ్ళని వార్డులోంచి పంపేస్తారు. కిందటేడు ఒకమ్మాయిని పంపేశారట."

మా ఆయనకి ఇది బొత్తిగా నచ్చలేదు. కుర్చీలోంచి లేచారు కూడా. "సోమవారం నీ అంతట నువ్వే దర్జాగా మానేస్తున్నావు కదా! ఈ ఒక్క రోజు ఆగలేక, వెళ్ళి గెంటించుకుని వస్తావా? రేపు ఆ కామర్స్ కాలేజీ వాళ్ళు ఎందుకు మానేశావంటే ఏం చెబుతావు?"

అది బూట్లు ఎటూ విప్పలేదు కాబట్టి నేరుగా గుమ్మం దాటింది.

"వెళ్ళనీరా" అన్నారు మా అత్తగారు కొడుకుతో. "అక్కడ ఆ మనిషికి ఎలా ఉందో ఏమో. నువ్వేమో కాలేజీ అంటావు."

నేను చెప్పులేసుకుని వెనకాలే పరుగెత్తాను. తోడుగా అని అన్నాను గానీ, అసలు భయం నాకే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తరవాత ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, ఆయన ఆగింది ఊపిరి అందకా? మాట వెతుక్కోవడానికా?"

"మీ నాన్న కూడా ఆగుతారే మాట్లాడుతూ మాట్లాడుతూ."

"ఎందుకు?"

"నేను వింటున్నానో లేదో చూడ్డానికి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. అప్పుడు నాకు కూడా, ఎప్పుడూ చూడని ఆ కండక్టరు మీద దిగులు పట్టుకుంది.

మేం చేరేసరికి రోగులని చూడ్డానికి బయటివాళ్ళు వచ్చే వేళ. పొడుగాటి గది, రెండు వైపులా ఇనప మంచాలు, ఫినాయిలు వాసన, పైన ఫ్యాన్లు కిర్రుకిర్రుమంటున్నాయి. అన్ని మంచాల దగ్గరా మాటలే. కిటికీ పక్క మంచం దగ్గర మాత్రం చడీచప్పుడూ లేదు. ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

వార్డులో పరుగెత్తకూడదట, పరుగెత్తితే రోగులు హడలిపోతారట. మా అమ్మాయి పరుగెత్తలేదు. నేనే పరుగెత్తాను.

మంచం అవతల స్టూలు మీద కూర్చుని ఒకావిడ బత్తాయి ఒలుస్తోంది. కంగారు పడిపోయి, "ఎవరు మీరు? ఏం కావాలి?" అంది నన్ను చూసి. నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి వచ్చింది జవాబు.

"నేను ఈ వార్డు సిస్టర్నండీ. స్టూడెంట్ సిస్టర్ని. ఈవిడ నాతో వచ్చారు."

అది నా కూతురి గొంతే. కానీ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. నాతో వచ్చారట! పుట్టినప్పట్నుంచీ అది నాతో వస్తోందనుకుంటున్నాను నేను.

"ఈయన ఇలా ఎంతసేపట్నుంచి ఉన్నారు?" అని అడుగుతూనే ఆయన మణికట్టు అందుకుంది.

"ఎలా?"

"మాట్లాడకుండా."

ఆవిడ బత్తాయి తొన తుంచింది. "నేనొచ్చినప్పట్నుంచీ. ఇంట్లోనూ ఇంతేనమ్మా. నేను ఎదురుగా ఉంటే ఈయనకి నోరు పెగలదు."

పెద్దాయన ఒక కన్ను తెరిచి మా అమ్మాయిని చూసి, భార్య వైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

పొట్టి నవ్వలేదు, నిలబడింది. చూపు తన చేతిగడియారం మీద ఒకసారి, ఆయన దుప్పటి లేచి పడే చోట ఒకసారి. నేను మంచం ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నిమిషం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలీదు. పాలు పొంగడానికి కూడా అంతసేపు పట్టదనిపించింది.

చెయ్యి మెల్లగా దించింది. "నొప్పేమైనా ఉందా అండీ? దగ్గొస్తోందా?"

"లేదమ్మా" అన్నాడాయన కళ్ళు మూసుకునే. "పొద్దున నీతో ఎక్కువ మాట్లాడేశాను, కుట్లు లాగాయి. అందుకని అక్కడక్కడా స్టాపు వేశాను."

"ఎంతొచ్చింది?" అని నేను దాని చెవిలో అడిగాను.

"పద్దెనిమిది."

నేను కమ్మీ వదిలేశాను. అరచేతిలో పెయింటు పొరలు అంటుకుని ఉన్నాయి. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు, అన్నం తినొచ్చు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. అది అప్పటికే గది మొదట్లో ఉన్న బల్ల వైపు నడుస్తోంది.

బల్ల దగ్గర హెడ్ సిస్టర్ ఉన్నారు. సన్నగా, నెరిసిన జుట్టు బిగించి దువ్వుకుని. పొట్టి మొత్తం చెప్పింది. మేక కథతో సహా. ఆవిడ విని, నా వైపు చూశారు.

"అమ్మని తోడు తెచ్చుకున్నావా?"

"నేనే వచ్చానండీ. భయమేసి" అన్నాను.

"దానికా?"

"నాకు."

ఆవిడ మళ్ళీ పొట్టి వైపు తిరిగారు. "పద్దెనిమిది వచ్చింది. పద్దెనిమిదికీ ఇరవైకీ పెద్ద తేడా లేదు. ఇందుకోసం బస్సెక్కి వచ్చావా?"

"ఎక్కేటప్పుడు పద్దెనిమిదని తెలీదు కదా మేడం."

"నిన్ను ఇంటికి పంపేయొచ్చు, తెలుసా?"

"తెలుసు మేడం."

ఆవిడ కండక్టరు చార్టు తెప్పించుకుని కలం ఇచ్చారు. "అంకె మీద ఒక్కటే గీత. కింద ఇరవై కనబడాలి. దిద్దకూడదు, తుడపకూడదు. పక్కన పద్దెనిమిది, ఇప్పటి టైము, నీ పేరు."

అది గీసింది. గీత తిన్నగానే వచ్చింది.

"మిగతా చార్టులు కూడా పట్రా."

ఆవిడ ఒక్కొక్కటీ తిప్పారు. నాకు దూరం నుంచి కూడా కనబడుతూనే ఉంది. "ఇరవై, ఇరవై, ఇరవై. ఇంతమందికీ ఒక్క తీరుగా ఊపిరాడుతోందన్నమాట. మన వార్డుని ఎగ్జిబిషన్‌లో పెట్టాలి." ఇంకోటి తిప్పారు. ఈసారి గొంతు తగ్గింది. "అన్నిటికిందా సంతకం నాదే."

పొట్టి నేల చూపులు చూస్తోంది. ఆవిడ లేచి, నడుం సవరించుకున్నారు.

"తలుపు దగ్గర మంచం నుంచి నువ్వు మొదలుపెట్టు. ఆ చివర్నుంచి నేను వస్తాను. సోమవారం పొద్దున నీ సీనియర్లతో నేను మాట్లాడతాను. నువ్వు కూడా ఉండు."

మా అమ్మాయి తలెత్తింది. నేను ఊపిరి బిగపట్టాను. సోమవారం పొద్దున దానికి వేరే చోట సీటుందని ఆవిడకి చెప్పాల్సిన మనిషి అదే.

"అలాగే మేడం" అంది.

హెడ్ సిస్టర్ గది చివరికి వెళ్తూ, నేనింకా అక్కడే ఉన్నానని గుర్తొచ్చి ఆగారు. ఊరుకోలేక అడిగేశాను. "మీరెందుకు చేరారండీ ఈ పనిలో?"

"మా అక్క చేరింది. తన యూనిఫాం పొట్టయిపోయింది, నాకు సరిపోయింది."

"అంతేనా?"

"చేరడానికి అంతే" అన్నారావిడ. "మీరు బయట కూర్చోండి. చూసేవాళ్ళ టైము అయిపోయింది."

బయట వరండాలో చెక్క బెంచీ ఉంది. తెరిచిన తలుపులోంచి లోపల కనబడుతుంది. పొట్టి మొదటి మంచం దగ్గర నిలబడి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మందాకా వచ్చింది.

"అమ్మా, నువ్వెళ్ళిపో. నాకు ఆలస్యమవుతుంది. నాన్నకి చెప్పు, సోమవారం నాకు పొద్దున డ్యూటీ."

"మీ నాన్న అరుస్తారేమో."

"అరిస్తే ఊపిరి లెక్కపెట్టడం కుదరదని చెప్పు" అని వెళ్ళిపోయింది. పొద్దున్నుంచీ అది నవ్వడం అదే మొదలు.

నేను వెళ్ళలేదు. కాసేపటికి గేటు దగ్గర మా స్కూటరు చప్పుడు. మా ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. తలంతా చెమట.

"పంపేశారా?"

"లేదు."

"తిట్టారా?"

"కొంచెం."

"మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నారు? అదెక్కడ?"

తలుపు వైపు చూపించాను. గదికి ఈ చివర మా అమ్మాయి ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆ చివర తల నెరిసిన హెడ్ సిస్టర్ ఇంకెవరిదో చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరూ కదలడం లేదు.

"ఎంతసేపు పడుతుంది?"

"మనిషికో నిమిషం."

ఆయన మంచాల వరసని ఒకసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. నిట్టూర్చి, నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"సోమవారం దానికి పొద్దున డ్యూటీ అట" అన్నాను.

"అంటే?"

"అంటే అదే."

ఆయన హెల్మెట్‌ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాని మీద వేళ్ళతో తాళం వేశారు. అరుస్తారని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన జేబులోంచి ఫోను తీశారు. ప్రిన్సిపాలు స్నేహితుడితో ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, వార్డు వైపు ఒకసారి చూసి, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడారు.

"ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చేయరా... అబ్బే, అలగడం ఏమీ లేదు... నీ కాలేజీకేం, బ్రహ్మాండమైన కాలేజీ." లోపల మా అమ్మాయి ముసలావిడ చెయ్యి దుప్పటి మీద జాగ్రత్తగా పెట్టి, చార్టులో ఏదో రాసుకుని, పక్క మంచం దగ్గరికి జరిగింది. మా ఆయన అది చూస్తూనే చెప్పారు. "లేదురా, సోమవారం అమ్మాయికి ఖాళీ లేదు."